మంచుకాలంలో ఇంట్లో కరివేపాకు చెట్టు

(న్యూజెర్సీలో తెలుగు కుటుంబాల తోటపని సమావేశంలో సెప్టెంబరు నెలాఖరున చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

లోపలికి వస్తుంటేనే ముగ్గురు నలుగురు ఆపి, "మేడం, ఎప్పుడు లోపల పెట్టాలి?" అని అడిగారు. ఏ మొక్క అని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఈ ఊళ్ళో సెప్టెంబరు చివర్లో తెలుగువాళ్ళు అడిగితే అది కరివేపాకు గురించే. కాబట్టి ముందు ఆ జవాబు చెప్పేస్తాను. రాత్రిపూట ఉష్ణోగ్రత ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో 50కి, అంటే మన ఇండియా సెల్సియస్ లెక్కలో 10 డిగ్రీలకు దిగడం మొదలవగానే లోపలికి తెచ్చేయండి. మన ప్రాంతంలో తొలి మంచు అక్టోబరు మధ్య నుంచి నెలాఖరు లోపల పడుతుంది. అప్పటిదాకా ఆగితే ఒక్క రాత్రిలో లేత కొమ్మలన్నీ నల్లబడిపోతాయి. ఈ రెండు వారాల్లో ఒక రోజు చూసుకుని పని ముగించుకోండి.

ఎప్పుడు తేవాలో చాలామందికి తెలుసు, సమయానికే తెస్తున్నారు కూడా. అయినా ఫిబ్రవరి వచ్చేసరికి మొక్క పోతోంది. లోపలికి తెచ్చాక ఏం జరుగుతోందన్నదే ఈరోజు నేను మాట్లాడదలచుకున్న విషయం.

ముందు ఇది ఎలాంటి చెట్టో గుర్తు చేసుకుందాం. మన ఇళ్ళలో కరివేపాకు పెరట్లో, బావి దగ్గరో, అంట్లు తోమే చోటో ఉంటుంది. ఎవరూ ప్రత్యేకంగా చూసుకోరు. పదిహేను ఇరవై అడుగులు పెరుగుతుంది. చుట్టూ పిలకలు వేస్తుంది. నిమ్మ, నారింజ, మారేడు, వెలగ, ఇవన్నీ దీని చుట్టాలే, ఒకే కుటుంబం. ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు, నిమ్మాకులోనూ ఉంటాయి. వాసనంతా అక్కడే. నిమ్మకు పట్టే పురుగులూ రోగాలూ చాలావరకు దీనికీ పడతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

దీని శాస్త్రీయ నామంలో మన గోదావరి జిల్లాకు ఒక బంధం ఉంది. మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ చెట్టుకు బెర్గెరా కోనిగీ అని పేరు పెట్టాడు. కోనిగీ అంటే యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. లిన్నేయస్ దగ్గర చదువుకుని, తమిళ తీరంలోని తరంగంబాడి డేనిష్ మిషన్‌లో వైద్యుడిగా మన తీరానికి వచ్చి, ఇక్కడి మొక్కలెన్నో సేకరించినవాడు. ఆయన 1785లో జగన్నాథపురంలో, అంటే ఇప్పటి కాకినాడలో చనిపోయాడు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నది సామర్లకోటలో తోట పెంచుతున్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్. కాకినాడవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, మీ కిటికీలో ఉన్న మొక్క పేరులో ఉన్న మనిషి మీ ఊళ్ళోనే కన్నుమూశాడు.

సరే, పనిలోకి వద్దాం. ఈ చెట్టు బాగా పెరిగేది 26 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే మనకు చెమటలు పట్టే వాతావరణంలో. రాత్రి ఉష్ణోగ్రత 16 డిగ్రీల కంటే, ఇక్కడి 60 కంటే తగ్గితే మొగ్గలు నిద్రలోకి వెళ్ళిపోతాయి, చిగురు ఆగిపోతుంది. ఇది అమెరికాకు వచ్చాక మొక్క నేర్చుకున్న పాడలవాటు కాదు. ఇండియాలోనూ అంతే. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు డీడబ్ల్యూడీ-1, డీడబ్ల్యూడీ-2 అని రెండు రకాలు తయారు చేశారు. వాటిలో మొదటిది చలికాలంలో సరిగా చిగురించదు, రెండోది చిగురిస్తుంది. ధార్వాడలో చలి ఎంతుంటుంది చెప్పండి? ఆ మాత్రం చలికే ఒక రకం ఆగిపోయింది. అలాంటప్పుడు డిసెంబరులో న్యూజెర్సీ కిటికీ పక్కన ఉన్న మొక్క ఆగిపోతే అందులో ఆశ్చర్యం లేదు, తప్పు కూడా లేదు. అది ఆగాలి. మనమే ఆగనివ్వడం లేదు.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మొక్కకు వెచ్చదనం, వెలుతురు, నీళ్ళు, ఈ మూడూ ఒకే స్థాయిలో ఉండాలి. మూడూ ఎక్కువగా ఉన్నా బతుకుతుంది, పెరుగుతుంది. మూడూ తక్కువగా ఉన్నా బతుకుతుంది, పెరగదు. వెచ్చదనం ఎక్కువ, నీళ్ళు ఎక్కువ, వెలుతురు మాత్రం తక్కువ అయితే చస్తుంది. చలికాలంలో మన ఇళ్ళన్నీ సరిగ్గా అలాగే ఉంటాయి. థర్మోస్టాట్ 70 దగ్గర ఉంటుంది. పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ ఒక గ్లాసు నీళ్ళు కుండీలో పోస్తాం. బయట నాలుగున్నరకే చీకటి.

వెలుతురు ఎంత తక్కువో మన కళ్ళకు తెలియదు. కళ్ళు సర్దుకుపోతాయి, ఆకు సర్దుకోలేదు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. ఎండలో ఆరుబయట లక్ష లక్స్ వెలుతురు ఉంటుంది. లైట్లన్నీ వేసిన మన లివింగ్ రూమ్‌లో మూడు వందలో ఐదు వందలో ఉంటుంది. దక్షిణం కిటికీకి ఆనించి పెడితే కొన్ని వేలు దొరుకుతుంది. అదే కిటికీ నుంచి నాలుగడుగులు వెనక్కి, సోఫా పక్కన పెడితే అందులో చిన్న ముక్క మాత్రమే. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి, ఇంటికెళ్ళాక ఒకసారి కొలిచి చూడండి. దానికి తోడు పగటి పొడుగు. డిసెంబరు 21న హైదరాబాద్‌లో పగలు పదకొండు గంటలు దాటి ఉంటుంది. ఇక్కడ తొమ్మిదింపావు. మబ్బు పట్టిన రోజుల్లో వెలుతురు ఇంకా తక్కువ.

ఇప్పుడు కుండీ లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తెలిసిపోతుంది. ఆకు ఎండ తీసుకుని పని చేస్తున్నప్పుడే నీళ్ళు లాగుతుంది. ఎండ లేకపోతే లాగదు. జులైలో డెక్ మీద ఒకటిన్నర రోజులో ఆరిపోయిన మట్టి, జనవరిలో హాల్లో రెండు వారాలైనా ఆరదు. వేరుకు నీళ్ళెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఆ గాలి ఉంటుంది. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే ఆ ఖాళీలన్నీ నీళ్ళతో నిండి వేరుకు ఊపిరాడదు. కొనల నుంచి కుళ్ళడం మొదలవుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు లాగలేదు. అప్పుడు పైన ఆకు వాడిపోయి, పసుపు తిరిగి, రాలుతుంది. అది చూసి మనం ఏమనుకుంటాం? పాపం, దాహం వేస్తోందని ఇంకో గ్లాసు పోస్తాం. ఈ దేశంలో మన కరివేపాకు మొక్కల్లో ఎక్కువ భాగం చలికి కాదు, ఇలా నీళ్ళకు పోతున్నాయి. ప్రేమగా చూసుకునే ఇళ్ళలోనే ఎక్కువ పోతున్నాయి. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. ఇంట్లోకి తెచ్చేముందే ఏ దారో తేల్చుకోండి, మధ్యలో ఆగకండి.

మొదటి దారి, చలికాలమంతా పెంచడం. అంటే వేసవిని ఇంట్లోకి తేవడం. దక్షిణం కిటికీ ఒక్కటే చాలదు, గ్రో లైట్, అంటే మొక్కలు పెంచడానికి వాడే లైట్ కావాలి. ఊదారంగు లైట్లు అక్కర్లేదు, తెల్లటి ఎల్ఈడీ గ్రో లైటే మంచిది, కళ్ళకూ హాయి. మొక్క కొనకు ఒక అడుగు ఎత్తులో వేలాడదీసి, టైమర్ పెట్టి రోజుకు పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు వెలగనివ్వండి. రాత్రిపూట ఆర్పాల్సిందే, మొక్కకూ చీకటి కావాలి. కుండీ చల్లటి టైల్స్ మీదో కిటికీ గట్టు మీదో కాకుండా చిన్న స్టూల్ మీద పెట్టండి. గదిలో 70 ఉన్నా, జనవరి రాత్రి గాజు పక్కన గట్టు మీద అంతకంటే బాగా తక్కువ ఉంటుంది, మట్టి చల్లబడుతుంది. ఇవన్నీ చేస్తే కొద్దికొద్దిగా చిగురిస్తుంది, నెలకు నాలుగు రెబ్బలు కోసుకోవచ్చు. చిన్న మొక్కలకు, ఏడాది రెండేళ్ళ వాటికి, ఈ దారే మంచిది. వాటి కాండంలో నిల్వ తక్కువ, ఎక్కువ రోజులు పస్తు ఉండలేవు.

రెండో దారి, నిద్రపుచ్చడం. మూడడుగులు దాటిన ముదురు చెట్టున్న చాలామందికి నేను ఇదే చెబుతాను. ఇంట్లో కాస్త చల్లగా, 50 నుంచి 60 మధ్య ఉండే చోటు వెతకండి. హీటింగ్ తక్కువగా ఉండే సన్‌రూమ్, ఎవరూ వాడని పడకగదిలో వెంట్ మూసేసిన మూల, కిటికీ ఉన్న బేస్‌మెంట్. ఇంటికి ఆనుకున్న గరాజ్ కూడా పనికొస్తుంది, కానీ అక్కడ ఒక థర్మామీటర్ పెట్టి చూడండి. మంచు కట్టే చలి, అంటే 32, కుండీ దాకా రాకూడదు. అక్కడ పెట్టాక నీళ్ళు బాగా తగ్గించేయండి. మట్టి సగం లోతు వరకు పొడిబారాకే కొంచెం పోయండి. ఆకులు రాలతాయి, కొన్నిసార్లు అన్నీ రాలిపోతాయి. రాలనివ్వండి.

వారానికి ఇన్నిసార్లు నీళ్ళు పోయండి అని నేను చెప్పను, అలా చెప్పేవాళ్ళను నమ్మకండి. మీ కుండీ, మీ మట్టి, మీ కిటికీ వేరు. ఒక్కటే పద్ధతి. వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి గుచ్చండి. తడి తగిలితే వద్దు. ఇంకా మంచి పద్ధతి, కుండీని రెండు చేతులతో ఎత్తి చూడటం. నిండా నీళ్ళు పోసిన రోజు ఒకసారి ఎత్తండి, బాగా ఆరిన రోజు ఒకసారి ఎత్తండి. ఆ తేడా చేతికి గుర్తుంటే ఇక అడగాల్సిన పని లేదు. పోసినప్పుడు మాత్రం కింద రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయండి. చలికాలంలో కుళాయి నీళ్ళు చేయి పెట్టలేనంత చల్లగా వస్తాయి. రాత్రే పట్టి ఉంచి గది వేడికి వచ్చాక పోయండి.

అందంగా ఉందని రంధ్రం లేని పింగాణీ కుండీలో పెట్టేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. అలాగే చిన్న మొక్కను తెచ్చి, పెరుగుతుంది కదా అని పెద్ద గోలెంలో పెట్టకండి. వేరు చేరని మట్టి అంతా తడిగానే ఉండిపోతుంది. ఇప్పుడున్న కుండీ కంటే రెండంగుళాలు వెడల్పు ఉంటే చాలు, లోతు మాత్రం ఉండాలి, దీనిది కిందికి దిగే వేరు. పెరటి మట్టి కుండీలో పోస్తే గట్టిపడిపోతుంది. మామూలు పాటింగ్ మిక్స్ తెచ్చి అందులో నాలుగో వంతు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలికపాటి గుళికలు), కాస్త పైన్ బెరడు ముక్కలు కలపండి. కానీ కుండీ మార్చడం ఇప్పుడు కాదు, వసంతంలో. ఈ నెలలో వేరు కదిలిస్తే మళ్ళీ కుదురుకునే ఓపిక దానికి ఉండదు.

ఇప్పుడు నా దగ్గరున్న ఈ కుండీ చూడండి. వెనక ఉన్నవాళ్ళు కావాలంటే తర్వాత దగ్గరికొచ్చి చూడొచ్చు. దూరం నుంచి ఆరోగ్యంగానే ఉంది. ఇదిగో, ఈ కాండం మీద గోధుమరంగు బొడిపెలు కనిపిస్తున్నాయా? ఆవగింజంత ఉన్నాయి. చాలామంది ఇవి బెరడు మీద సహజంగా ఉండే మచ్చలనుకుంటారు. గోటితో ఒకటి గీరుతున్నాను, చూడండి, ఊడొచ్చింది. కింద తడిగా ఉంది. ఇది పొలుసు పురుగు. పైన పెంకు, లోపల పురుగు, కదలకుండా ఒకేచోట కూర్చుని రసం పీలుస్తుంది. కింద ఆకులు ముట్టుకుంటే చేతికి జిగురు అంటుతుంది. ఆ జిగురు దీని పనే. దానికోసం చీమలొస్తాయి, దాని మీద మసిలాంటి నల్లటి బూజు పడుతుంది. ఆకుల మీద జిగురు కనిపించిందంటే పైన ఎక్కడో పొలుసు పురుగో పిండినల్లో ఉన్నట్టే.

బయట ఉన్నన్నాళ్ళూ వీటిని తినే పురుగులు, కడిగేసే వాన, గాలి ఉంటాయి. ఇంట్లో అవేవీ ఉండవు. తెచ్చిన రెండు నెలల్లో మొక్కంతా పాకిపోతుంది. కాబట్టి లోపలికి తెచ్చేముందు ఒక స్నానం చేయించండి. పైపుతో ఆకుల అడుగుభాగాలు తగిలేలా గట్టిగా నీళ్ళు కొట్టండి. పొలుసు పురుగులుంటే దూదిని రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడిచేయండి. తర్వాత ఇన్‌సెక్టిసైడల్ సోప్, అంటే మొక్కల పురుగుల కోసం చేసిన సోపు మందు కొట్టి, వారం ఆగి మళ్ళీ కొట్టండి, ఎందుకంటే మొదటిసారి గుడ్లు మిగిలిపోతాయి. గిన్నెలు తోమే సోపు వాడకండి, ఆకు మాడుతుంది. ఎలాగూ కూరలో వేసుకునే ఆకు కాబట్టి, ఏ మందు వాడినా తినే మొక్కలకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉందో లేదో చూడండి. రోజుల తరబడి మొక్క లోపలికి ఇంకి ఉండే మందులు అస్సలు వద్దు. మందు కొట్టినా కొట్టకపోయినా కోసిన ఆకు బాగా కడుక్కోండి.

ఎర్రనల్లి సంగతి వేరు. దానికి పొడి గాలి ఇష్టం. హీటింగ్ మొదలయ్యాక ఇంట్లో తేమ ఇరవై ముప్పై శాతానికి పడిపోతుంది, మన పెదాలు పగిలేది అందుకే. ఆకు మీద సూదితో గుచ్చినట్టు లేత చుక్కలు, రెబ్బల మధ్య సన్నటి సాలెగూడు దారాలు కనిపిస్తే అది ఎర్రనల్లి. మొక్కను హీటర్ వెంట్‌కు దూరంగా పెట్టండి. వేడిగాలి నేరుగా తగిలితే రెండు రోజుల్లో ఆకులు కరకరలాడతాయి. పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోయడం గురించి చాలామంది చెబుతారు. దానివల్ల పెద్దగా ఏమీ జరగదు. హ్యుమిడిఫయర్ ఉంటే పెట్టండి, లేకపోతే పది పదిహేను రోజులకోసారి షవర్ కింద ఆకులు మాత్రం తడపండి. అప్పుడు మట్టి మీద ఒక ప్లాస్టిక్ కవర్ కప్పండి.

ఆకు రాలడం గురించి చెప్పి తీరాలి, ఎందుకంటే చాలా మొక్కలు బతికుండగానే చెత్తబుట్టలోకి పోతున్నాయి. లోపలికి తెచ్చిన రెండు మూడు వారాల్లో ఆకులు రాలడం మామూలే. ఎండలో పుట్టిన ఆకు నీడలో బతకలేదు, చెట్టు వదిలించుకుంటుంది. జనవరిలో మోడు మాత్రమే మిగిలినా కంగారు పడకండి, ఊరికే నీళ్ళూ పోయకండి. కాండం మీద గోటితో చిన్నగా గీరి చూడండి. బెరడు కింద పచ్చగా తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. పైన గోధుమరంగుగా పొడిగా ఉంటే కొంచెం కిందికి వెళ్ళి మళ్ళీ గీరండి. మొదలు దగ్గర పచ్చగా ఉన్నా చాలు, మేలో అక్కడి నుంచే చిగురిస్తుంది. పైనంతా ఎండిపోయినా వేరు నుంచి పిలక వచ్చిన సందర్భాలున్నాయి. జూన్ నెలాఖరు దాకా ఏ కుండీనీ పారేయకండి.

ఇందాక చీటీ మీద ఒక ప్రశ్న రాసి పంపారు: ఆకు పసుపుపచ్చగా వస్తోంది, మజ్జిగ పోయొచ్చా అని. మన అమ్మమ్మలు పులిసిన మజ్జిగ పోసేవాళ్ళు, నిజమే. పెరట్లో నేల మీద అది చెల్లింది. నేలలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి, వానపాములుంటాయి, పోసింది అరాయించుకుంటాయి. పది అంగుళాల కుండీలో, మూసేసిన గదిలో, అది పేరుకుని వాసన వస్తుంది, చిన్న నల్లటి ఈగలు ముసురుతాయి. బియ్యం కడిగిన నీళ్ళూ అంతే, వేసవిలో డెక్ మీద ఉన్నప్పుడు పోసుకోండి, చలికాలంలో ఇంట్లో వద్దు. పసుపు ఎందుకొచ్చిందో ముందు చూడాలి. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్యభాగం పసుపు తిరిగితే అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము లేక కాదు, కుళాయి నీళ్ళలోని సున్నం వల్ల మట్టి క్షారం వైపు తిరిగి వేరు దాన్ని తీసుకోలేకపోతుంది. వేరు సులువుగా తీసుకోగల రూపంలో ఉన్న ఇనుము, చీలేటెడ్ ఐరన్ అని దొరుకుతుంది, డబ్బా మీద రాసినంతే కలిపి వేసవిలో పోస్తే చాలావరకు తగ్గుతుంది. కింది ముదురు ఆకులు మొత్తం పసుపైతే అది నత్రజని. అన్ని ఆకులూ వేలాడుతూ పసుపై, మట్టి తడిగా ఉంటే అది వేరుకుళ్ళు, ఎరువు వేస్తే ఇంకా చెడుతుంది. చలికాలంలో నిద్రపోతున్న చెట్టుకు ఏ ఎరువూ వద్దు.

ఇక కోత. చెట్టు గుబురుగా రావాలంటే ఎలా కోయాలో చాలామందికి తెలియదు. నా చేతిలో ఉన్న ఈ రెబ్బ చూడండి. పదిహేడు చిన్న ఆకులున్నాయి. మనం దీన్ని చిన్న కొమ్మ అనుకుంటాం. చెట్టు లెక్కలో ఈ మొత్తం రెబ్బ ఒకే ఆకు. రెబ్బ కాండానికి అతికిన చోట, ఇదిగో ఈ మూలలో, గసగసాలంత మొగ్గ ఉంది. కొత్త కొమ్మ పుట్టేది అక్కడి నుంచే. రెబ్బలు మాత్రం కోసుకుంటూ పోతే మొగ్గలు నిద్రలోనే ఉంటాయి, చెట్టు సన్నగా కర్రలా పైకి పోతుంది. కొమ్మ కొననే కత్తిరిస్తే కింద ఉన్న మొగ్గలు రెండో మూడో లేస్తాయి. అందుకే వేసవిలో కోసేటప్పుడు రెబ్బలు దూయకండి, కొమ్మ చివర నాలుగైదు రెబ్బలతో సహా కత్తెరతో కత్తిరించండి. కిందికి గుంజితే బెరడు చీలి మొగ్గ కూడా ఊడిపోతుంది, కాబట్టి చేత్తో లాగడం మానేయండి. తెల్లటి పూలగుత్తులు వస్తే, విత్తనాలు అక్కర్లేకపోతే, తుంచేయండి. ఆ బలం ఆకుకు పోతుంది.

సెప్టెంబరులో లోపలికి తెచ్చేముందు ఎలాగూ కొమ్మలు కొంత తగ్గించాలి, మూడో వంతు మించకుండా. ఆ ఆకంతా కడిగి, గుడ్డ మీద తడి పూర్తిగా ఆరనిచ్చి, గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పోపులోకి నేరుగా ఫ్రీజర్ నుంచి తీసి వేయొచ్చు. తాజా ఆకంత ఉండదు, కానీ ఎండబెట్టిన దానికంటే చాలా నయం. ఫ్రీజర్‌లో ఒక డబ్బా ఉంటే డిసెంబరులో చారు పెట్టినప్పుడల్లా ఆ మొక్క దగ్గరికి కత్తెర తీసుకుని వెళ్ళరు. చెట్టును విశ్రాంతిగా ఉంచడానికి నాకు తెలిసిన మంచి మార్గం ఇదే.

మొక్క ఎక్కడి నుంచి తేవాలి? ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోవద్దు. ఇండియా నుంచి వస్తూ సూట్‌కేసులో తడిగుడ్డ చుట్టి పిలక తెచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అమ్మ ఇంటి చెట్టు పిలక మీద ఉండే మమకారం నాకూ తెలుసు. అయినా తేకండి. మొక్కే కాదు, తాజా ఆకు కూడా తేకూడదు, అది ఇక్కడ నిషేధం. కారణం ఒక చిన్న పురుగు. మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, లేత చిగురు మీద తల కిందికి, తోక పైకి ఎత్తి వాలుగా కూర్చుంటుంది. సిట్రస్ సిలిడ్ అంటారు. కరివేపాకు చిగురంటే దానికి ప్రాణం. ఆ పురుగు నిమ్మ, నారింజ చెట్లకు గ్రీనింగ్ అనే రోగాన్ని మోసుకెళ్తుంది. ఆ రోగాన్ని నయం చేసే మందు లేదు. పురుగు 1998లో ఫ్లోరిడాలో కనిపించింది, రోగం 2005లో బయటపడింది. 2003-04లో ఫ్లోరిడాలో 24 కోట్ల పెట్టెల నారింజ పండింది. 2022-23 వచ్చేసరికి తుఫాను దెబ్బ కూడా తోడై కోటీ అరవై లక్షల పెట్టెలకు పడిపోయింది. తరతరాలుగా తోటల మీద బతికిన కుటుంబాలు భూములు అమ్ముకున్నాయి. కాలిఫోర్నియాలోనూ 2008లో పురుగు, 2012లో రోగం వచ్చాయి. మన పక్కింటి రైతుకు మన వల్ల ఆ గతి పట్టకూడదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కూడా, ఈ పురుగు వల్ల క్వారంటైన్, అంటే మొక్కలు బయటికి పంపడం మీద ఆంక్షలు ఉన్న రాష్ట్రం నుంచి పంపుతుంటే సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి. లేకుండా పంపుతామంటే కొనకండి.

ఇంకో జాగ్రత్త. ఇక్కడి నర్సరీల్లో కర్రీ ప్లాంట్ అని అమ్మేది బూడిదరంగు సన్నటి ఆకులున్న వేరే మొక్క, మన వంటకు పనికిరాదు. ఆరెంజ్ జాస్మిన్ చూడ్డానికి మన కరివేపాకులాగే ఉంటుంది, ఆకు నలిపి వాసన చూస్తే తేలిపోతుంది.

అన్నిటికంటే మంచిది, మన ఊళ్ళో ఎవరి ఇంట్లోనైనా ముదురు చెట్టు ఉంటే పిలకో విత్తనమో అడగడం. దుకాణంలో కొన్న రెబ్బను నీళ్ళలో పెట్టి వేళ్ళు వస్తాయని ఎదురుచూడకండి. ఇందాక చూశాం కదా, అది ఒక్క ఆకు, అందులో మొగ్గ లేదు. విత్తనమైతే పండు నల్లబడ్డాక కోసి, గుజ్జు కడిగేసి, వెంటనే నాటాలి. నిల్వ ఉంచితే వారాల్లోనే మొలకశక్తి పోతుంది, పాకెట్లలో పోస్టులో వచ్చే ఎండు విత్తనాలు మొలవకపోవడానికి కారణం అదే. మట్టి వెచ్చగా ఉంటే రెండు మూడు వారాల్లో మొలక వస్తుంది. పండు గుజ్జు తినొచ్చు కానీ లోపలి గింజ తినకూడదు, పిల్లలున్న ఇళ్ళలో చూసుకోండి. పిలక తీసేటప్పుడు దానికి సొంత వేరు ఉందో లేదో మట్టి తవ్వి చూసి, తల్లి వేరు నుంచి కత్తితో కోసి తీయండి. ఇదీ మే, జూన్ నెలల పనే.

చివరగా, బయటికి తీసే రోజు. ఏప్రిల్‌లో రెండు రోజులు ఎండ కాయగానే ఉత్సాహంగా డెక్ మీద పెట్టేస్తారు, మర్నాడు మంచు. మే మధ్య దాకా ఆగండి. రాత్రులు వరుసగా 50 పైన ఉంటున్నాయని వాతావరణ సూచన చూసుకోండి. మొదటి వారం పూర్తిగా నీడలో, గాలి ఎక్కువ తగలని చోట. రెండో వారం పొద్దుటి ఎండ రెండు గంటలు. ఆ తర్వాతే పూర్తి ఎండ. ఇంట్లో పుట్టిన ఆకు పల్చగా ఉంటుంది, నేరుగా ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నంలో తెల్లటి మచ్చలు పడి కాలిపోతుంది. చిగుళ్ళు లేవడం మొదలయ్యాక నీళ్ళు పెంచండి, నత్రజని ఎక్కువ ఉన్న ఎరువు సగం మోతాదుతో మొదలుపెట్టి ఆగస్టు దాకా వేయండి. మొదట వచ్చిన చిగురు కోయకండి, ఎంత ఆశగా ఉన్నా. అవి ముదురు ఆకుపచ్చకు తిరిగి, వాటి మీద ఇంకో విడత చిగురు కనిపించాక కత్తెర తీయండి.

ఫోన్లలో మొక్కల ఫొటోలు తెచ్చినవాళ్ళు ముందుకు రండి. ఒక్కొక్కటీ చూసి, అది ఏ జబ్బో, ఏ దారి మంచిదో చెబుతాను. కుండీ మట్టి కూడా ఫొటోలో ఉంటే ముందు వాటినే చూద్దాం.